ఒకే లాయం, ఒకే 300 గ్రాముల రగ్గు: ఒక గుర్రానికి చెమట, ఇంకోదానికి వణుకు

ఈ కేసు మొదట చర్మం జబ్బుగా నా దగ్గరికి వచ్చింది. తొమ్మిదేళ్ల మగ గుర్రం, విత్తులు తీసినది, 540 కిలోలు, వారంలో మూడు నాలుగు రోజులు తేలికపాటి స్వారీ, మిగతా సమయమంతా పగలు మైదానంలో, రాత్రి లాయంలో. వీపు మీదా నడుము మీదా పొక్కులు కట్టి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తోందనీ, రగ్గు కట్టబోతే చెవులు వెనక్కి విరిచి కరవడానికి వస్తోందనీ, పొద్దున పూట మేత సరిగా ముట్టడం లేదనీ యజమానురాలు చెప్పారు. కడుపులో పుండ్లేమోనని ఆవిడ అనుమానం, జీను కుదరక వీపు నొప్పేమోనని లాయం చూసుకునే కుర్రాడి అనుమానం. మాటల చివర్లో ఆవిడ, "ఎలాగూ వచ్చారు కదా డాక్టర్ గారూ, పక్క గదిలో ముసలిదాన్ని కూడా ఓసారి చూసి వెళ్లండి, తెల్లవారుజామున వణుకుతోందట" అన్నారు. ఆ ముసలిది 24 ఏళ్ల ఆడ గుర్రం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది, అందుకే కలిపే రాస్తున్నాను.

రెంటికీ ఒకటే రగ్గు. 300 గ్రాములది, మెడ తొడుగుతో సహా. చలి మొదలైనప్పటి నుంచి రోజూ సాయంత్రం కట్టడం, మర్నాడు సాయంత్రం దాకా అలాగే వదిలేయడం, మధ్యలో స్వారీ ఉంటే తప్ప విప్పేది లేదు. లాయం గోడకి ఒక పట్టిక అంటించి ఉంది, బయట ఇన్ని డిగ్రీలుంటే ఇన్ని గ్రాములు అని. అప్పుడు వాతావరణం రాత్రి 2 నుంచి 4 డిగ్రీలు, మధ్యాహ్నం మంచి ఎండ, 15-16 డిగ్రీలు. పట్టికలో రాత్రి అంకె చూసి రగ్గు తీశారు, మధ్యాహ్నం అంకె వైపు ఎవరూ చూడలేదు.

గ్రాముల లెక్క కొత్తవాళ్ల కోసం: రగ్గు రెండు పొరల మధ్య కూరిన పాలిస్టర్ పీచు చదరపు మీటరుకి ఎంత బరువుందో అదే ఆ అంకె. 0 అంటే కూరింది ఏమీ లేదు, గాలీ వానా ఆపే పైగుడ్డ మాత్రమే. 50, 100 తేలిక, 200 మధ్యస్థం, 300, 400 బాగా మందం. డెనియర్ అని ఇంకో అంకె ఉంటుంది, 600, 1200, 1680 అంటూ. అది పైగుడ్డ దారం లావు, 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, గుడ్డ ఎంత గట్టిదో చెబుతుంది తప్ప ఎంత వెచ్చనో చెప్పదు. 1680 అని చూసి బాగా వెచ్చగా ఉంటుందని కొనుక్కొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మగ గుర్రం

నేను వెళ్లింది మధ్యాహ్నం రెండు దాటాక. పొద్దున్నే వెళ్లి ఉంటే సగం విషయం కనిపించేది కాదు. గుర్రం ఎండలో రగ్గుతో, తల కొంచెం వాల్చి నిలబడి ఉంది. ఏ పనీ చేయకుండా నిలబడ్డ గుర్రానికి ఊపిరి నిమిషానికి 28, మామూలుగా 8 నుంచి 16 మధ్య ఉండాలి. నాడి 46. టెంపరేచర్ 38.6, అంటే 37.5-38.5 అనే మామూలు హద్దుకి వెంట్రుకవాసి పైన. ఈ మూడు అంకెలు మాత్రమే ఫోన్లో చెబితే ఎవరైనా ఇన్ఫెక్షన్ అనుకుంటారు, రక్త పరీక్ష రాస్తారు. నేను ముందు రగ్గు విప్పించి నీడలో వదిలేయమన్నాను. ముసలిదాన్ని చూసి గంట తర్వాత తిరిగొచ్చి లెక్కపెడితే ఊపిరి 14, నాడి 36, టెంపరేచర్ 38.0. మందు లేదు, మాకు లేదు.

విప్పిన రగ్గుని కంచె మీద తిరగేసి పరిచి ఇద్దరికీ చూపించాను. లోపలి గుడ్డ మీద మూపు వెనక, మోచేతి వెనక, డొక్కల దగ్గర తెల్లటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, వంకర్లు తిరుగుతూ. ఉప్పు గీతలు. తడిసి ఆరి, మళ్లీ తడిసి మళ్లీ ఆరితేనే అలా వరసగా పడతాయి. గుర్రం ఒంటి మీదా సరిగ్గా ఆ చోట్లలోనే బొచ్చు అట్టకట్టి చిన్న చిన్న సుడులుగా ఎండిపోయింది, వేలితో రాస్తే తెల్లటి పొడి రాలింది. జూలు కింద, మెడ తొడుగు పట్టుకున్న చోట, ఇంకా తడిగానే ఉంది. నడుము మీది పొక్కుని మెల్లగా లేపితే బొచ్చంతా పెయింటు బ్రష్షులా ఒకే కుచ్చుగా ఊడొచ్చింది, కింద చర్మం గులాబీ రంగులో చెమ్మగా కనిపించింది. డెర్మటోఫిలస్ కాంగోలెన్సిస్ అనే బ్యాక్టీరియా పని ఇది, పొక్కు కింది నుంచి తీసిన నమూనాని మైక్రోస్కోపులో చూసి నిర్ధారించుకున్నాను. రెయిన్ రాట్ అనేది దీన్నే. పేరులో వాన ఉంది కదా అని వానే పడనక్కర్లేదు, చర్మం నానుతూ ఉంటే చాలు, అది చెమట వల్ల నానినా దానికి ఒకటే.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఆ కుర్రాడి సాయంత్రం అలవాటు. రోజూ ఏడింటికి రగ్గు కింద చెయ్యి పెట్టి చూస్తాడు, చాలామంది అది కూడా చేయరు. కానీ ఆ వేళకి అతని చేతికి తగిలేది చల్లటి, చెమ్మగా ఉన్న బొచ్చు. మధ్యాహ్నం పట్టిన చెమట ఆవిరై పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది, ఎండ దిగి గాలి చల్లబడగానే అదీ చల్లబడుతుంది. "ముట్టుకుంటే చల్లగా ఉంటోంది సార్, అందుకే కింద ఇంకో పలచటిది కూడా వేస్తున్నా" అన్నాడు. అంటే వేడెక్కి చెమట పట్టిన గుర్రం, చలేస్తున్న గుర్రంలా చేతికి తగిలి, ఇంకో పొర ఎక్కించుకుంది, మర్నాడు మధ్యాహ్నం ఇంకా ఎక్కువ చెమట పట్టింది, సాయంత్రానికి ఇంకా చల్లగా తగిలింది. చేత్తో చూడటం తప్పు కాదు, ఏడింటికి మాత్రమే చూడటం వల్ల వచ్చిన తంటా ఇది. మధ్యాహ్నం ఒక్కసారి చెయ్యి పెట్టి ఉంటే కథ మొదటి వారంలోనే తేలిపోయేది.

రగ్గు లోపలి గుడ్డకి డొక్క దగ్గర, ఎండ నేరుగా తగలని చోట, ఉష్ణోగ్రతా తేమా నమోదు చేసే చిన్న బిళ్ల ఒకటి కుట్టి, పాత పద్ధతిలోనే ఒక రోజు గడపమన్నాను. తెల్లవారుజామున 3 గంటలకి బయట 4 డిగ్రీలున్నప్పుడు రగ్గు కింద 30. మధ్యాహ్నం రెండున్నరకి బయట 16, రగ్గు కింద 36, తేమ 90 శాతం పైన. రాత్రి అంకె చూస్తే, చలికి ఈ రగ్గు కావాలన్న ఆవిడ వాదన నిజమే, గుర్రం హాయిగానే ఉంది. కానీ ఆ హాయి కోసం పగలు కట్టిన మూల్యం రెండో అంకెలో ఉంది.

"క్లిప్ చేశాం కదా డాక్టర్ గారూ, బొచ్చు తీసేశాక మందం రగ్గు వేయకపోతే ఎలా?" అని ఆవిడ అడిగారు, ప్రశ్న సబబైనదే. అయితే దీనికి చేసింది ట్రేస్ క్లిప్, అంటే రొమ్ము, మెడ అడుగు భాగం, పొట్ట కింద మాత్రమే తీశారు, స్వారీలో చెమట బాగా పట్టే చోట్లు అవి. వీపు, నడుము, పిరుదుల మీద బొచ్చు నిండుగా ఉంది. ఒళ్లంతా గొరిగిన గుర్రానికి వేయాల్సిన బరువు, వీపు నిండా సొంత బొచ్చున్న గుర్రానికి వేశారు. పైగా ఒంట్లో కొవ్వు దండిగా ఉంది. హెన్నెకె 1983లో ఇచ్చిన 1 నుంచి 9 దాకా ఉండే కొలతలో దీనికి 7 వేశాను, పక్కటెముకలు వేళ్లతో నొక్కి వెతుక్కోవాల్సి వచ్చింది.

మనకి చలేస్తే గుర్రానికీ వేస్తుందా

వేయదు, మనకి వేసినప్పుడు వేయదు. బట్టల్లేని మనిషి ఒళ్లు అదనపు కష్టం లేకుండా వేడి నిలుపుకోవాలంటే దాదాపు 25-30 డిగ్రీలు కావాలి. ఓ మోస్తరు వాతావరణానికి అలవాటుపడ్డ గుర్రానికి ఆ హాయి 5 నుంచి 25 డిగ్రీల దాకా పరుచుకుని ఉంటుంది. గట్టి చలికి అలవాటుపడి, నిండు బొచ్చుతో, ఒళ్లు పొడిగా, గాలి తగలకుండా, కడుపునిండా గడ్డితో ఉన్న పెద్ద గుర్రాలకి కింది హద్దు సుమారు మైనస్ 15 దాకా దిగుతుందని కెనడాలో చేసిన పరిశోధనల్లో తేలింది. ఈ వాక్యంలో అంకె కంటే దానికి ముందున్న షరతులే ముఖ్యం. పొడి, గాలి, గడ్డి, బొచ్చు, కండ: ఒక్కటి తగ్గినా హద్దు పైకి జరుగుతుంది. ఈ కథలో ముసలిదానికి బొచ్చు తప్ప అన్నీ తగ్గాయి, మగ గుర్రానికి గొరిగిన చోట్ల బొచ్చు తప్ప సహజంగా తగ్గింది ఏమీ లేదు, ఇద్దరికీ పట్టిక ఒకటే.

చలిని తట్టుకోవడానికి గుర్రం దగ్గర ఉపాయాలు చాలానే ఉన్నాయి. రోమాలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి, నిండు బొచ్చున్న గుర్రం వీపు మీద మంచు కరక్కుండా నిలవడం చూస్తుంటాం కదా, లోపలి వేడి బయటికి రావట్లేదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. చెవులకీ కాళ్లకీ రక్తం తగ్గించుకుంటుంది, అందుకే చెవులు చల్లగా ఉన్నంత మాత్రాన చలేస్తోందని అనుకోకూడదు. పెద్దపేగులో పీచు పులుస్తుంటే గంటల తరబడి వేడి పుడుతూనే ఉంటుంది. కాస్త అటూ ఇటూ నడిస్తే కండరాలు వాడే శక్తిలో మూడు వంతులకి పైగా వేడిగానే మారుతుంది. ఇవేవీ చాలకపోతే చివరి ఆయుధం వణుకు. వేడి విషయానికి వస్తే దాని దగ్గర ఉన్నది ప్రధానంగా చెమట, చర్మానికి రక్తం పంపడం, నీడకి పోవడం. మొదటి రెండూ మందం రగ్గు కింద పని చేయవు. నీడకి పోయినా రగ్గు కూడా వెంటే వస్తుంది. బకిళ్లు మాత్రం అది విప్పుకోలేదు. అందుకే ఎటూ తేలని రోజున నేను ఒక మెట్టు తక్కువకే మొగ్గుతాను.

ఇంకో సంగతి, కరవడానికి వస్తోందన్న ఫిర్యాదు. 2016లో నార్వే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది: 23 గుర్రాలకి, పలకల మీది గుర్తుల్ని ముక్కుతో తాకి రగ్గు వేయమనో, తీయమనో, ఉన్నదున్నట్టే ఉంచమనో చెప్పడం నేర్పారు, రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. వానా గాలీ చలీ ఉన్న రోజుల్లో రగ్గు అడిగాయి, వాతావరణం బాగుంటే వద్దన్నాయి. అంటే తనకి ఎలా ఉందో గుర్రానికి బాగానే తెలుసు. మన గుర్రం దగ్గర పలకలు లేవు, పళ్లున్నాయి. ఆవిడతో నేను అన్నది ఇదే, కడుపు పుండ్ల కోసం ఎండోస్కోపీకి తొందరపడకుండా ముందు మూడు వారాలు రగ్గు సరిచేసి చూద్దామని. అప్పటికీ మేత ముట్టకపోతే ఎండోస్కోపీ ఎలాగూ ఉంది.

ముసలిది

దీని రగ్గు విప్పగానే ఆవిడ నోట మాట రాలేదు. స్వారీ లేదు కాబట్టి దీన్ని రోజూ విప్పే అవసరం ఎవరికీ రాలేదు, పట్టీలు బిగువుగా ఉన్నాయో లేదో చూసి వదిలేస్తున్నారు. శరదృతువులో టేపుతో కొలిస్తే 470 కిలోలు వచ్చిందట, ఆ రోజు 430. పొడవాటి బొచ్చు కింద పక్కటెముకలు కంటికి కనిపించవు, చేత్తో తడిమితే ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కొలతలో 3. మందం రగ్గు వేసిన గుర్రం దూరం నుంచి ఎప్పుడూ బొద్దుగానే కనిపిస్తుంది, అందుకే చలికాలంలో రోజుకొకసారి విప్పి ఒంటి మీద చెయ్యి తిప్పాలని మొత్తుకునేది.

రగ్గు వీపు కుట్టు దగ్గర నీళ్లు దిగుతున్నాయి. పైగుడ్డ మీద నీటిని ఆపే పూత పోయింది. లోపల కూరిన పీచు పిండితే తడి తగిలింది. పీచు వెచ్చగా ఉంచేది దాని మధ్య ఉన్న గాలి వల్ల, ఆ గాలి చోటుని నీళ్లు ఆక్రమిస్తే 300 అనే అంకెకి అర్థం లేదు, తడి బరువు మోయడం తప్ప. దానికి తోడు గది తలుపు పైభాగం నుంచి గాలి నేరుగా నడుము మీదికి కొడుతోంది.

గది నేల మీద నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు, పిడికిలంత సైజువి, తొట్టి దగ్గర చాలా ఉన్నాయి. నోరు తెరిపించి చూస్తే పై వరసలో రెండు దవడ పళ్లు లేవు, మిగతావి అంచులు కోసుకుపోయేలా ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి వేసిన ఎండుగడ్డిని పీల్చి ఉమ్మేయడమే తప్ప మింగింది తక్కువ, అర్ధరాత్రి దాటాక పేగులో పులవడానికి ఏమీ మిగలదు, తెల్లవారుజామున నాలుగింటికి వణుకు. ఆ వేళకే ఎందుకు అంటే చలి ఎక్కువ కాబట్టి అని ఎవరైనా చెబుతారు, నిజమే, కానీ ఆ వేళకి కడుపులో పొయ్యి కూడా ఆరిపోయి ఉంటుంది. దీనికి 400 గ్రాముల రగ్గు కొందామని వాళ్లు అప్పటికే అనుకుంటున్నారు.

బొచ్చు పొడవుగా, అక్కడక్కడా ఉంగరాలు తిరిగి, వీపు కండ కరిగి, పొట్ట వేలాడుతోంది. కుషింగ్స్ (ముసలి గుర్రాల్లో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి అదుపు తప్పే జబ్బు) అనుమానించి, ఆ గ్రంథి విడుదల చేసే ఏసీటీహెచ్ అనే హార్మోను రక్తంలో ఎంతుందో పరీక్ష చేయించాను. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలోనూ శరదృతువులో ఈ హార్మోను సహజంగానే పెరుగుతుంది, కాబట్టి ఏ కాలంలో తీసిన రక్తమో ఆ కాలపు హద్దుతోనే పోల్చాలి. పోల్చినా చాలా ఎక్కువే వచ్చింది, ఈ జబ్బుకి వాడే పెర్గొలైడ్ అనే మందు మొదలుపెట్టాం. రగ్గుకీ దీనికీ సంబంధం ఏమిటంటే, కుషింగ్స్ ఉన్న గుర్రం ఒంటి వేడిని సరిగా సర్దుకోలేదు, తెల్లవారుజామున వణికే ఇదే గుర్రం మధ్యాహ్నం ఎండలో మందం రగ్గు కింద చెమట కూడా పడుతుంది. బొచ్చు ఇంతుంది కదా అని అసలు వేయకపోవడమూ కుదరదు, వణుకుతోంది కదా అని రోజంతా కప్పేయడమూ కుదరదు.

ఏం మార్చాం

ముసలిదానికి మొదట మార్చింది రగ్గు కాదు. పళ్ల అంచులు రాపించాం, ఎండుగడ్డి బదులు నానబెట్టిన గడ్డి బిళ్లలు, సన్నగా తరిగిన పీచు మేత రోజుకి నాలుగు విడతలుగా, అందులో పెద్ద విడత రాత్రి పడుకోబోయే ముందు. సాధారణంగా గుర్రానికి రోజుకి ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం దాకా పొడి మేత పడాలి, దీనికి 2 శాతం కంటే కాస్త పైనే పెట్టాం. గుర్రానికి హాయిగా ఉండే కింది హద్దు దాటి దిగే ఒక్కో డిగ్రీకి ఒళ్లు నిలుపుకోవడానికి కావాల్సిన శక్తి సుమారు 2.5 శాతం పెరుగుతుంది, బక్కచిక్కిన గుర్రం ఆ ఖర్చుని కండ కరిగించి కడుతుంది. తలుపు పైభాగాన్ని గాలి నేరుగా కొట్టకుండా, అయితే గది ఊపిరాడకుండా అయిపోకుండా సగం మూయించాం. అన్నీ అయ్యాక రగ్గు: నీళ్లు దిగనిది, రాత్రికి 200 గ్రాములు, పొడిగా ఎండగా ఉన్న రోజు పదింటి నుంచి నాలుగింటి దాకా ఏమీ లేకుండా, చినుకులు ఉంటే 50 గ్రాములది. 300 నుంచి 200కి తగ్గించడం ఆవిడకి మింగుడుపడలేదు, "వణికేదానికి తగ్గిస్తారా?" అన్నారు. పొడిగా ఉన్న 200, తడిసిన 300 కంటే వెచ్చన, అంతకు మించి వాదించలేదు, వారం చూడమన్నాను.

మగ గుర్రానికి ఒక్క రోజులో అన్నీ పీకేయలేదు. చలికి ఒళ్లు మళ్లీ అలవాటుపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. వాన లేని రోజులు చూసుకుని ముందు పగటి రగ్గు పూర్తిగా తీసేశాం, మెడ తొడుగుని ఆ రోజే పక్కన పెట్టాం, రాత్రికి 300 నుంచి 100కి దింపాం. తర్వాత, లాయంలో 5 డిగ్రీలకి తగ్గని రాత్రుల్లో అదీ లేదు. వానకి గాలి తోడైతే బయట 50 గ్రాముల వాటర్‌ప్రూఫ్. 0 గ్రాములది ఎందుకు కాదని అడిగారు. నిండు బొచ్చు మీద పలచటి గుడ్డ పడితే నిక్కబొడుచుకోవాల్సిన రోమాలు అణిగిపోతాయి, సొంత వెచ్చదనం తగ్గి బదులుగా వచ్చేది ఏమీ ఉండదు. పొడి చలిలో అదొక నష్టపు బేరం, జోరు వానలో మాత్రం దానికీ పనుంది. దీని పొట్టా రొమ్మూ గొరిగి ఉన్నాయి కాబట్టి తడి గాలికి 50 మేలనిపించింది.

స్వారీ అయ్యాక చెమటతో ఉన్న గుర్రం మీద వెంటనే వాటర్‌ప్రూఫ్ రగ్గు వేసే అలవాటు మాన్పించాం. ముందు చెమ్మ లాగే పలచటి రగ్గు, కూలర్ అంటారు, బొచ్చు పూర్తిగా ఆరాక అది తీసేయాలి, రాత్రి రగ్గు వేస్తే ఆ తర్వాతే. పొక్కుల్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో నానబెట్టి మెత్తబడ్డవి మాత్రమే తీయడం, పీకకుండా, ఆపైన బాగా ఆరబెట్టడం. రగ్గులు, బ్రష్షులు ఉతికించి రెండు గుర్రాలకీ విడివిడిగా పెట్టాం, ఆ బ్యాక్టీరియా సామాను ద్వారా పాకుతుంది. భుజాల మీద బొచ్చు అరిగిపోయి మెరుస్తున్న రెండు మచ్చలు కూడా ఉన్నాయి, రగ్గు ఒక సైజు పెద్దదై వెనక్కి జారి రొమ్ము దగ్గర లాగుతుండటం వల్ల.

గోడ మీద పట్టిక సంగతి. నేను దాన్ని చింపమనలేదు, కొత్తగా చేరిన పనివాడికి మొదటి అంచనాకి పనికొస్తుంది. కానీ దాని పక్కన ఒక్కో గుర్రానికి ఒక కార్డు పెట్టించాను, అందులో క్లిప్ ఏది, కొలత ఎంత, పళ్లెలా ఉన్నాయి, రాత్రి ఎంత గడ్డి, నీడ ఉందా, అన్నిటికంటే ముఖ్యంగా మధ్యాహ్నం వచ్చి మార్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అనేది. రగ్గు మధ్యాహ్నం మార్చే మనిషి ఉంటే రాత్రి చలిని బట్టి వేసుకోవచ్చు. లేకపోతే రాబోయే 24 గంటల్లో అన్నిటికంటే వెచ్చటి గంటని బట్టి వేయాలి, రాత్రికి తక్కువైందనిపిస్తే ఆ లోటుని గడ్డితో పూడ్చాలి. లాయం వాళ్లకి నేను చెప్పిన ఒకే ఒక్క నియమం ఇది, మిగతావన్నీ దీని చుట్టూ సర్దుబాట్లే.

చెయ్యి పెట్టి చూసే పద్ధతి కూడా మార్చాం. గ్లవ్స్ తీసి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు, మూపు వెనక ఒకసారి, మోచేతి వెనక ఒకసారి. పొడిగా గోరువెచ్చగా ఉంటే సరే. వేడిగా జిడ్డుగా ఉంటే ఎక్కువైంది. చల్లగా తడిగా ఉంటే ఇంకోటి వేసే ముందు ఆ తడి ఎక్కడిదో కనుక్కోవాలి, వానదా, చెమటదా అని. చెవులు బాగా చల్లబడి, తోక లోపలికి ముడుచుకుని, వీపు ఎత్తిపెట్టి, గాలికి వెనక తిప్పి కదలకుండా ఉంటే, మేత వదిలేసి ఉంటే, అప్పుడు అది నిజంగా చలి.

తర్వాత

మగ గుర్రం పొద్దున మేత మొదటి వారంలోనే తినడం మొదలుపెట్టింది. చర్మం నెల లోపు మానింది, కొత్త బొచ్చు నడుము మీద కాస్త ముదురు రంగులో వచ్చింది. రగ్గు కట్టేటప్పుడు చెవులు విరవడం వెంటనే పోలేదు, అలవాటుగా మిగిలిపోయింది, తల వైపు నుంచి కాకుండా పక్క నుంచి మడత విప్పుతూ వేయడం మొదలుపెట్టాక మెల్లగా తగ్గింది. ఎండోస్కోపీ అవసరం రాలేదు. చలికాలం చివరికి 515 కిలోలకి దిగింది, కావాలనే దిగనిచ్చాం. కొవ్వు పట్టిన గుర్రం చలికాలంలో కొంత కరిగించుకుని వసంతం పచ్చగడ్డికి చేరితే ల్యామినైటిస్ (డెక్క లోపల వాచే జబ్బు) భయం తగ్గుతుంది, ఏడాది పొడవునా రగ్గుతో వెచ్చగా ఉంచితే ఆ కరగడమే జరగదు.

ఒక రాత్రి లెక్క తప్పింది. వాన అనుకున్నది గాలితో మంచుముక్కల వానగా మారి, మగ గుర్రం సాయంత్రం ఆలస్యంగా లోపలికి వచ్చేసరికి గొరిగిన రొమ్ము తడిసి వణుకుతోంది. కుర్రాడు తుడిచి, ఎండుగడ్డి వేసి, కూలర్ మీద 200 గ్రాములది కప్పి, గంట తర్వాత చూస్తే వణుకు ఆగింది, పొద్దున్నే మళ్లీ 100కి దింపేశాడు. నాకు ఫోన్ చేసి చెప్పింది పని అయ్యాకే. కిందటి నెల అయితే ఆ 200 వసంతం దాకా ఒంటి మీదే ఉండేది.

ముసలిది వణకడం కొత్త మేత మొదలైన నాలుగైదు రోజుల్లో ఆగింది, రగ్గు తక్కువైనా. 448 కిలోలకి వచ్చింది, 470 చేరుతుందని నేననుకోవడం లేదు, ఆ వయసుకి 450 దగ్గర నిలబడితే చాలు. వసంతంలో మగ గుర్రం బొచ్చు రాల్చేసింది, ఇది రాల్చలేదు. గుర్రాలు బొచ్చు మార్చుకునేది ప్రధానంగా పగటి వెలుతురు పెరగడాన్ని బట్టి, కుషింగ్స్‌లో ఆ లెక్క చెడిపోతుంది. ఏసీటీహెచ్ మళ్లీ పంపాం. తగ్గకపోతే పెర్గొలైడ్ మోతాదు పెంచి, రాత్రులు 10 డిగ్రీలు దాటాక ఒళ్లంతా క్లిప్ చేయించాలని అనుకున్నాం, క్లిప్ చేసిన మొదటి కొన్ని రాత్రులకి 100 గ్రాములది, పగలు ఏమీ లేకుండా.